కార్బరేటర్ రబ్బరు గట్టిపడితే: తప్పు ఈ20 పెట్రోలుదా, ముసలి బూటుదా, బిగించిన చేతిదా?

2025 ఆగస్టులో ఈ20 పెట్రోలు (20 శాతం ఇథనాల్ కలిపింది) మీద చర్చ రాజుకున్నప్పటి నుంచి పాత బండ్లు నడిపేవాళ్ల దగ్గర ఒక ఫిర్యాదు తరచూ వినిపిస్తోంది. బండి స్లోలో నిలవడం లేదు. ఒక్కోసారి యాక్సిలరేటర్ వదిలినా రేస్ దిగడం లేదు. మైలేజీ పడిపోయింది. మెకానిక్ గాలిలో పెట్రోలు కలిపే కార్బరేటర్‌ను విప్పి శుభ్రంగా కడుగుతాడు. తిరిగి బిగించే దగ్గర అసలు ఇబ్బంది మొదలవుతుంది. కార్బరేటర్‌ను ఇంజిన్‌కు కలిపే నల్ల రబ్బరు చెక్కలా గట్టిపడి ఉంటుంది. తోస్తే ఎక్కదు. స్క్రూడ్రైవర్‌తో అంచు లేపి, అరచేత్తో గుద్ది ఎలాగో ఎక్కిస్తారు. రెండు రోజులు తిరక్కుండానే బండి మళ్లీ మొదటికొస్తుంది.

మా ఇంట్లో పాత యమహా ఆర్‌ఎక్స్100 బైకు ఉంది కాబట్టి ఈ తిప్పలు నాకు బాగా తెలుసు. పెట్రోలు మారడం, రబ్బరు ముసలిదవడం, దాన్ని బలవంతంగా ఎక్కించడం అనే మూడు సంగతులు ఇక్కడ కలిసిపోయాయి. మూడింటి లక్షణాలూ ఒకేలా ఉండటంతో ఎవరికి తోచిన కారణం వాళ్లు చెబుతున్నారు. ఒక్కోటీ విడదీసి చూస్తే ఎవరి వాటా ఎంతో చాలావరకు లెక్క కట్టవచ్చు.

ఈ రబ్బరు ఎక్కడుంటుంది, దాని పనేంటి

కార్బరేటర్‌కు ముందూ వెనకా రెండు రబ్బరు గొట్టాలుంటాయి. ఒకటి కార్బరేటర్‌ను ఇంజిన్ హెడ్‌కు కలుపుతుంది. దీన్ని షాపుల్లో మానిఫోల్డ్ రబ్బరు అనో, కార్బరేటర్ బూటు అనో అడుగుతారు. రెండోది ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి కార్బరేటర్‌లోకి గాలి తెచ్చే గొట్టం. అన్ని బండ్లలో రెండూ రబ్బరువే ఉండవు. స్ప్లెండర్ లాంటి బండ్లలో ఇంజిన్ వైపు రబ్బరు బూటుకు బదులు వేడిని ఆపే గట్టి ముక్క, ఓ-రింగు ఉంటాయి. ఆర్‌ఎక్స్100లో రబ్బరు బూటు నేరుగా రీడ్ వాల్వ్ (గాలిని ఇంజిన్‌లోకి ఒకవైపే పోనిచ్చే రేకు) ముందు బిగుస్తుంది.

ఇంజిన్ వైపు బూటుకు మూడు పనులున్నాయి. మొదటిది గాలి చొరబడకుండా మూసి ఉంచడం. రెండోది ఇంజిన్ అదురు కార్బరేటర్‌కు చేరకుండా చూడటం. అదురు చేరితే ఫ్లోట్ చాంబర్‌లో (కార్బరేటర్ అడుగున పెట్రోలు నిలిచే గిన్నెలో) పెట్రోలు నురగ కట్టి, లోపలికి వెళ్లే పాళ్లు తప్పుతాయి. మూడోది హెడ్ వేడిని ఆపడం. కార్బరేటర్ మరీ కాలితే అందులోని పెట్రోలు ఆవిరై, వేడి మీద బండి స్టార్ట్ కాదు. మొదటి పని గురించే అందరూ మాట్లాడతారు కానీ, రబ్బరు గట్టిపడితే అదురును ఆపే శక్తి కూడా తగ్గుతుంది.

బూటు నిర్మాణం సులభంగానే అర్థమవుతుంది. కార్బరేటర్ మూతికి చుట్టూ ఒక చిన్న గట్టు ఉంటుంది. బూటు లోపల ఆ గట్టుకు సరిపోయే గాడి ఉంటుంది. గట్టు వెళ్లి గాడిలో కూర్చోవాలి, ఆ తర్వాత పైనుంచి క్లాంప్ (లోహపు పట్టీ) బిగించాలి. మూసి ఉంచే పనిలో ఎక్కువ భాగం రబ్బరు మెత్తదనానిదే. మూతి చుట్టూ ఉన్న చిన్న చిన్న ఎత్తుపల్లాల్లోకి అది ఒదిగిపోతుంది. క్లాంప్ దాన్ని అక్కడే పట్టి ఉంచుతుంది, అంతే. అందుకే గట్టిపడిన రబ్బరు మీద క్లాంప్ ఎంత బిగించినా లాభం ఉండదు. ఒదగలేనిదాన్ని నొక్కితే గాలి దారి అలాగే ఉండిపోతుంది, స్క్రూ మరలు మాత్రం అరిగిపోతాయి.

మెత్తటి రబ్బరు చెక్కలా ఎందుకు మారుతుంది

రబ్బరు అంటే పొడుగాటి అణువుల దారాల ముద్ద. ఆ దారాలను అక్కడక్కడా గంధకంతో ముడివేస్తే సాగి మళ్లీ వెనక్కి వచ్చే గుణం వస్తుంది. ఈ పద్ధతిని 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ కనుక్కున్నాడు. పెట్రోలు తగిలే చోట్ల ఎక్కువగా నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరు వాడతారు, ఎందుకంటే మామూలు రబ్బరు పెట్రోలుకు ఉబ్బి కుళ్లిపోతుంది. దానికి బలం కోసం నల్ల కార్బన్ పొడి, మెత్తదనం కోసం నూనెలాంటి పదార్థాలు కలుపుతారు.

కాలం గడిచేకొద్దీ అందులో రెండు మార్పులు జరుగుతాయి. ఒకటి, మెత్తదనం ఇచ్చే ఆ నూనె కొంత ఆవిరవుతుంది, కొంత పెట్రోలులో కరిగి పోతుంది. అప్పుడు బూటు గట్టిపడటమే కాదు, కాస్త కుంచించుకుపోతుంది కూడా. రెండు, ఇంజిన్ వేడికి, గాలిలోని ఆక్సిజన్‌కు దారాల మధ్య కొత్త ముడులు పడుతూనే ఉంటాయి. ముడులు పెరిగేకొద్దీ రబ్బరు బిరుసెక్కుతుంది. ఇవి కాక, లాగి పట్టి ఉన్న రబ్బరు పైపొరను గాలిలోని ఓజోన్ కోస్తుంది. బూటు మెడ దగ్గర కనిపించే సన్నటి బీటలు చాలావరకు దాని పనే.

పది డిగ్రీల వేడి పెరిగితే ఇలాంటి రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క ఉంది. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల ఎండలో నిలబెట్టిన బండి రబ్బరు, చల్లటి దేశంలో అదే వయసున్న బండి రబ్బరు కంటే ముందే ముసలిదవడంలో వింతేమీ లేదు.

ఈ రెండు మార్పుల మధ్య తేడా గుర్తుపెట్టుకోవడం ముఖ్యం. నూనె పోవడం వల్ల వచ్చిన బిరుసును కొంతవరకు తగ్గించవచ్చు. కొత్త ముడుల వల్ల వచ్చిన బిరుసును ఏ మందూ వెనక్కి తిప్పదు. రబ్బరు మెత్తబరిచే చిట్కాల గురించి జరిగే వాదనలన్నీ చివరికి ఇక్కడికే వస్తాయి.

అర చదరపు మిల్లీమీటరు బీట ఏం చేస్తుంది

పెట్రోలు మండటానికి బరువులో దానికి 14.7 రెట్ల గాలి కావాలి. గాలి అంతకంటే ఎక్కువైతే మిశ్రమం పలచన అంటాం, తక్కువైతే చిక్కన. కార్బరేటర్ తన గొంతులోంచి వెళ్లే గాలిని బట్టే పెట్రోలు వదులుతుంది. బూటులో బీట ఉంటే అక్కడినుంచి దూరే గాలి కార్బరేటర్ లెక్కలోకి రాదు. దానికి తగ్గ పెట్రోలు ఉండదు కాబట్టి మిశ్రమం పలచనవుతుంది.

ఉదాహరణకు 150 సీసీ ఫోర్‌స్ట్రోక్ బండి తీసుకుందాం. స్లోలో 1,400 ఆర్‌పీఎం దగ్గర అది నిమిషానికి 700 సార్లు గాలి పీల్చుతుంది. ప్రతిసారీ సిలిండర్ పూర్తిగా నిండితే నిమిషానికి 105 లీటర్లు. కానీ స్లోలో థ్రాటిల్ (గాలి దారిని తెరిచి మూసే తలుపు) దాదాపు మూసి ఉంటుంది కాబట్టి సిలిండర్ మూడో వంతే నిండుతుందనుకుందాం. అప్పుడు 35 లీటర్లు. బూటులో 0.8 మిల్లీమీటర్ల వ్యాసమున్న రంధ్రమంత, అంటే అర చదరపు మిల్లీమీటరు బీట ఉంటే, స్లోలో లోపల ఉండే గట్టి వాక్యూమ్‌కు నిమిషానికి సుమారు 4 లీటర్ల గాలి దూరుతుంది. మొత్తంలో అది 11 శాతం పైమాటే.

అదే బండి ఫుల్ థ్రాటిల్‌లో 8,000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి దాదాపు 500 లీటర్లు పీల్చుతుంది. థ్రాటిల్ బార్లా తెరిచి ఉండటంతో లోపల వాక్యూమ్ పెద్దగా ఉండదు, బీటలోంచి దూరే గాలి కూడా తగ్గుతుంది. 4 లీటర్లే వచ్చినా ఒక శాతం కంటే తక్కువ. హైవే మీద బాగా పరిగెత్తే బండి సిగ్నల్ దగ్గర ఆగిపోవడానికి, రేస్ ఎక్కుతూ దిగుతూ ఊగడానికి కారణం ఈ తేడాయే.

టూస్ట్రోక్ బండ్లకు ఇది ఇంకా ప్రమాదం. వాటిలో లోపలికి వచ్చే పెట్రోలు ఇంజిన్‌ను కొంత చల్లబరుస్తుంది కూడా. ఆయిల్‌ను పెట్రోలులోనే కలిపి పోసే బండ్లలో పెట్రోలు తగ్గితే ఆయిల్ కూడా తగ్గుతుంది. పలచన మిశ్రమంతో గట్టిగా లాగిస్తే పిస్టన్ సీజ్ అయ్యే, అంటే సిలిండర్‌లో పట్టేసే అవకాశం ఉంది. బూటు ఖర్చుకూ సిలిండర్ బోరు చేయించే ఖర్చుకూ ఎంత తేడానో టూస్ట్రోక్ ఉన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

ఈ20 వాటా ఎంత

ఈ20 అంటే 20 శాతం ఇథనాల్, 80 శాతం పెట్రోలు. 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలై, 2025 నాటికి దేశమంతా వ్యాపించింది. ఇథనాల్ అణువులో ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి అది మండటానికి 9 రెట్ల గాలి చాలు. మిశ్రమం లెక్క వేస్తే 14.7లో 80 శాతం, 9లో 20 శాతం కలిపి సుమారు 13.6 వస్తుంది. అంటే స్వచ్ఛమైన పెట్రోలుకు జెట్లు (పెట్రోలు వదిలే సన్న రంధ్రాలు) అమర్చిన కార్బరేటర్‌లో ఈ20 పోస్తే, ఏ బీటా లేకపోయినా మిశ్రమం 8 శాతం పలచనవుతుంది.

దీనికి పైన లెక్కించిన 11 శాతం బీట గాలి కలపండి. మొత్తం 20 శాతం పలచన. మామూలు పెట్రోలుతో 11 శాతం పలచనను మిక్స్చర్ స్క్రూ (స్లోలో గాలి, పెట్రోలు పాళ్లు సర్దేది) కాస్త తిప్పి సర్దుకున్న బండి, 20 శాతం దగ్గర చేతులెత్తేస్తుంది. నా అభిప్రాయంలో ఈ గొడవలో అసలు జరిగింది ఇదే. చాలా పాత బండ్ల బూట్లలో బీటలు ఈ20 కంటే ముందే ఉన్నాయి. వాటిని కప్పిపుచ్చిన వెసులుబాటును ఈ20 తీసేసింది.

రబ్బరుకు నేరుగా నష్టం జరగడం లేదా అంటే, జరుగుతుంది. నైట్రైల్ రబ్బరు పెట్రోలులో విడిగా, ఇథనాల్‌లో విడిగా ఉబ్బేదానికంటే రెండూ కలిసిన మిశ్రమంలో ఎక్కువ ఉబ్బుతుంది. వారాల తరబడి బండి నిలిపి ఉంచితే ఆ తడి ఆరి రబ్బరు మళ్లీ కుంచించుకుంటుంది. ఉబ్బడం, ఆరడం పదేపదే జరిగితే ముసలి రబ్బరు పగులుతుంది. ఎప్పుడూ పెట్రోలులో మునిగి ఉండే ఫ్లోట్ చాంబర్ గ్యాస్కెట్లు, పెట్రోలు పైపులు, పెట్రోలు రాకను ఆపే నీడిల్ కొనల మీద దీని ప్రభావం ఎక్కువ. బూటుకు తగిలేది పెట్రోలు ఆవిరి, తుంపరలే. దాన్ని ముసలిదాన్ని చేసేవి ప్రధానంగా వేడి, ఆక్సిజన్.

కేంద్ర పెట్రోలియం శాఖ 2025 ఆగస్టులో ఇచ్చిన వివరణలో కొన్ని పాత వాహనాలకు 20,000 నుంచి 30,000 కిలోమీటర్ల తర్వాత కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చని, అది పెద్ద ఖర్చు కాదని చెప్పింది. కారు యజమాని కోణంలో ఇది సబబుగానే కనిపిస్తుంది. కానీ బండి తయారీ ఆగిపోయి ఇరవై ముప్పై ఏళ్లయితే 'మార్చుకోండి' అనే మాట అంత తేలిక కాదు. ఆ పార్టు దొరకాలి కదా. పాత బండ్లవాళ్ల బాధలో ఈ భాగం పూర్తిగా నిజం.

మైలేజీ గురించి కూడా ఒక లెక్క. 2021లో నీతి ఆయోగ్ విడుదల చేసిన నివేదిక ప్రకారం, పాత పెట్రోలుకు తయారై ఈ10కు (10 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకు) సర్దిన టూవీలర్లలో ఈ20తో ఇంధన సామర్థ్యం 3 నుంచి 4 శాతం తగ్గవచ్చు. లీటరుకు 45 ఇచ్చే బండి 43కు దిగుతుందన్నమాట. 37కు దిగితే మిగతా తేడాను పెట్రోలు మీద వేయడం కుదరదు. బీట గాలిని సరిచేయడానికి ఎవరైనా మిశ్రమాన్ని మరీ చిక్కగా పెట్టారేమో చూడాలి.

ఎక్కించేటప్పుడు చేతికి తెలిసే బరువు

బూటు రంధ్రం కార్బరేటర్ మూతి కంటే కావాలనే కొంచెం చిన్నగా చేస్తారు. మూతి 32 మిల్లీమీటర్లు, కొత్త బూటు రంధ్రం 31 అనుకుందాం. రబ్బరు 3 శాతం సాగితే సరిపోతుంది. అదే బూటు ముసలిదై 30.4కు కుంచించుకుపోతే 5 శాతం పైగా సాగాలి. రబ్బరు గట్టిదనాన్ని షోర్-ఏ అనే కొలతలో చెబుతారు. ఆ అంకె 60 నుంచి 80కి చేరితే బిరుసు దాదాపు రెండున్నర రెట్లు పెరుగుతుంది. ఎక్కువ సాగాలి, పైగా సాగడానికి ఎక్కువ బలం కావాలి. రెండూ కలిపితే నాలుగు రెట్ల బలం పెట్టాలి. 'ఇదివరకు ఇంత కష్టం కాలేదే' అనిపించడంలో భ్రమ ఏమీ లేదు.

ఆ నాలుగు రెట్ల బలం పెట్టినప్పుడే చాలా బూట్లు చిరుగుతాయి. మూతి సగం ఎక్కి ఒక పక్కకు ఒరిగితే పైన గాడిలో కూర్చుంటుంది, అడుగున కూర్చోదు. అడుగు భాగం కంటికి కనిపించదు. స్క్రూడ్రైవర్ కొన తగిలిన చోట చిన్న గాటు పడుతుంది, క్లాంప్ బిగించగానే ఆ గాటు పొడవవుతుంది. మెకానిక్ దగ్గరికి వెళ్లకముందు లేని గాలి లీకు ఇంటికి వచ్చాక మొదలైందంటే చాలాసార్లు కారణం ఇదే. మా బండికి ఒకసారి అచ్చం ఇలాగే జరిగింది. నెల రోజులు జెట్లు మార్చి చూశాక, అద్దం పెట్టి అడుగున చూస్తే గాని గాటు బయటపడలేదు.

అనుభవమున్నవాళ్లు చాలామంది బూటును ముందు హెడ్ నుంచి విప్పేస్తారు. బల్ల మీద కార్బరేటర్‌కు తొడిగి, గట్టు గాడిలో చుట్టూ కూర్చుందో లేదో చూసి, తర్వాత రెండూ కలిపి హెడ్‌కు బిగిస్తారు. దీనివల్ల ఒకవైపు పని పెరుగుతుంది. పాత బోల్టు విరిగే భయమూ ఉంటుంది, కింద ఓ-రింగో గ్యాస్కెటో కొత్తది కావాల్సి రావచ్చు. ఫ్రేమ్ ఇరుకుగా ఉన్న బండ్లలో అసలు కుదరకపోవచ్చు. అయినా నా ఓటు దీనికే. కంటికి కనిపించే చోట చేసిన పని నమ్మకంగా ఉంటుంది.

వేడినీళ్లు, సబ్బునీళ్లు, పెట్రోలు, వింటర్‌గ్రీన్ నూనె

వేడినీళ్లలో బూటు వేస్తే వ్యాకోచించి రంధ్రం పెద్దదవుతుందని చాలామంది అనుకుంటారు. 31 మిల్లీమీటర్ల రంధ్రం 60 డిగ్రీల వేడి పెరిగితే సుమారు 0.3 మిల్లీమీటర్లే పెరుగుతుంది. అసలు మేలు చేసేది వేడికి రబ్బరు తాత్కాలికంగా మెత్తబడటం. కొందరు కార్బరేటర్‌ను ఫ్రిజ్‌లో పెడతారు. 30 డిగ్రీలు చల్లబడితే 32 మిల్లీమీటర్ల అల్యూమినియం మూతి 0.02 మిల్లీమీటర్లు తగ్గుతుంది, అది లెక్కలోకి రాదు. వేడినీళ్లు ఇంకో విషయం కూడా చెబుతాయి. వేడిలో మెత్తబడి చల్లారాక బిగుసుకునే బూటులో పోయింది ఎక్కువగా నూనె. వేడిలోనూ చెక్కలాగే ఉంటే ముడులు ముదిరిపోయాయని అర్థం, దానితో కుస్తీ పట్టడం వృథా.

జారుడు కోసం సబ్బునీళ్లు గానీ సిలికాన్ గ్రీజు గానీ రాస్తే పేచీ లేదు. ఇంజిన్ ఆయిల్ రాస్తే ఎక్కడం తేలికే, కానీ ఆ జిడ్డు ఉండిపోయి కార్బరేటర్ మళ్లీ జారి బయటికి రావచ్చు. బూటును పెట్రోలులో నానబెట్టడం మన షెడ్లలో ఎక్కువగా చూస్తాం. నానిన గంటకు ఉబ్బి మెత్తగా అవుతుంది, చక్కగా ఎక్కుతుంది. వారం తర్వాత పెట్రోలు ఆవిరవుతూ రబ్బరులో మిగిలిన నూనెను కూడా పట్టుకుపోతుంది. బూటు ముందుకంటే గట్టిగా, ముందుకంటే చిన్నగా మారుతుంది.

విదేశాల్లో పాత బండ్లు బాగుచేసేవాళ్లలో జైలీన్, వింటర్‌గ్రీన్ నూనె కలిపి నానబెట్టే పద్ధతికి మంచి పేరుంది. వింటర్‌గ్రీన్ అంటే మనం నడుం నొప్పికి రాసుకునే మందుల్లో వచ్చే ఘాటైన వాసన. అందులోని మిథైల్ శాలిసిలేట్ రబ్బరులోకి ఇంకి, పోయిన నూనె పని కొంతకాలం చేస్తుంది. దొరకని పార్టును బతికించుకోవడానికి ఇది తప్ప దారి లేదని సమర్థించేవాళ్లు అంటారు. బీటలను ఇది అతకదు, ఆ మెత్తదనం కొన్నాళ్లకు తగ్గిపోతుంది అని వ్యతిరేకించేవాళ్లు అంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే. బీటల్లేని, దొరకని బూటుకు దీన్ని వాడటం నాకు న్యాయంగానే తోస్తుంది. కానీ జైలీన్ ఆవిరి పీల్చితే హానికరం, అంటుకునే ద్రవం కూడా. వంటింట్లో చేసే పని కాదు.

బీట మీద మామూలు సిలికాన్ సీలెంట్ పూయడం గురించి మాత్రం రెండు వైపులా చెప్పడానికేమీ లేదు. పెట్రోలుకు అది ఉబ్బి ఊడుతుంది, ఊడిన ముక్క ఇంజిన్ లోపలికి పోవచ్చు.

నాలుగు కార్బరేటర్లుంటే

1969లో వచ్చిన హోండా సీబీ750కి నాలుగు సిలిండర్లు, నాలుగు కార్బరేటర్లు. ఆ తర్వాత జపాన్ కంపెనీల పెద్ద బండ్లెన్నో ఇదే దారి పట్టాయి. నాలుగూ ఒకే బద్దకు బిగించి ఉంటాయి కాబట్టి నాలుగు మూతులూ ఒకేసారి నాలుగు బూట్లలోకి దిగాలి. ఒక్కోదానికి 8 కిలోల తోపు కావాలంటే మొత్తం 32 కిలోలు, అదీ ఎయిర్ ఫిల్టర్ డబ్బాకూ ఇంజిన్‌కూ మధ్య చెయ్యి పట్టని సందులో. అందుకే అమెరికా, యూరప్‌లలో వీటిని బాగుచేసేవాళ్లు సామాను కట్టే బెల్టును చుట్టూ వేసి, మెల్లగా బిగిస్తూ సమానంగా లోపలికి లాగుతారు. మన దగ్గర 1983లో వచ్చిన రాజ్‌దూత్ 350కి రెండు కార్బరేటర్లున్నా అవి విడివిడివి. ఒకటి ఎక్కించాక ఇంకోటి ఎక్కించుకోవచ్చు.

కొత్త నకలా, పాత అసలా

ఆర్‌ఎక్స్100 మన దేశంలో 1985 నుంచి 1996 దాకా తయారైంది. దాని బూటు కోసం వెతికితే రెండు రకాలు ఎదురవుతాయి. ఒకటి ఎప్పుడో కంపెనీ తయారుచేసి ప్యాకెట్ విప్పని అసలు పార్టు. రెండోది ఈమధ్య ఎవరో పోత పోసిన నకలు. అసలు పార్టుకు రేటు ఎక్కువ, కొలతలు కచ్చితం. కానీ ప్యాకెట్‌లో ఉన్నా రబ్బరుకు వయసు ఆగదు. ఇంజిన్ వేడి తగలదు కాబట్టి నెమ్మదిగా ముదురుతుంది, అంతే. నకలుది తాజా రబ్బరు, కానీ అందులో ఏ మిశ్రమం వాడారో తెలియదు. కొన్ని కొత్తగా ఉన్నప్పుడే గట్టిగా ఉంటాయి, గాడి లోతు తేడాగా ఉంటుంది, ఇంజిన్‌కు బిగించే లోహపు పలక సమంగా ఉండదు.

కొనే ముందు చేతిలోకి తీసుకుని బొటనవేలితో వంచి చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. మెడ దగ్గర సన్నటి గీతలు తెరుచుకుంటే అది అసలైనా వద్దు. వంగకుండా ఎదురు తిరిగితే కొత్తదైనా వద్దు. రెండూ పాసైతే నేను తాజా రబ్బరు వైపే మొగ్గుతాను. బండిని ప్రదర్శనకు సిద్ధం చేసేవాళ్లు అసలు పార్టే కావాలనడం వేరే సంగతి, అది వాళ్ల అవసరం.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక మన కొత్త బండ్లలో చాలావాటిలో కార్బరేటర్ స్థానాన్ని ఫ్యూయల్ ఇంజెక్షన్ తీసుకుంది. థ్రాటిల్ బాడీకీ ఇంజిన్‌కూ మధ్య చాలా బండ్లలో ఇప్పటికీ ఇలాంటి రబ్బరే ఉంది, అదే వేడిలో ఉంది. తేడా ఏంటంటే వాటి సైలెన్సర్ పైపులోని ఆక్సిజన్ సెన్సర్ పలచనను పసిగట్టి పెట్రోలు కాస్త పెంచుతుంది. అందువల్ల బూటు బీటలిచ్చినా ఆ బండి చాలాకాలం మామూలుగానే నడుస్తుంది. స్లోలో ఊగడం మొదలయ్యేసరికి బీట బాగా పెరిగి ఉంటుంది.